తుక్కుగూడ టమాటాలు

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే రోడ్డు మీద పహాడీ షరీఫ్ గుట్ట దాటి కొంత దూరం పోతే తుక్కుగూడ వస్తుంది. శ్రీశైలం యాత్రికులు ఈ ఊరిని బస్సు కిటికీలోంచి చూసి మరచిపోతారు. 2008లో పక్కనే శంషాబాదులో విమానాశ్రయం తెరిచారు. పట్నం చుట్టూ వేసిన 158 కిలోమీటర్ల వలయ రహదారి కూడా ఈ ఊరి మీదుగానే పోయింది. దానితో ఇక్కడ ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. అయినా హద్దురాళ్ళ నడుమ అక్కడక్కడ టమాటా మడులు కనబడుతూనే ఉన్నాయి.

మా కాలేజీ మిత్రుడొకరిది ఈ ఊరే. మాఘమాసంలో ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో అయిదు డబ్బాల టమాటాలున్నాయి. డబ్బాకు పాతిక కిలోలు. ధర పడిపోయి, మార్కెట్టుకు తోలితే ఆటో కిరాయి కూడా రాదని ఆగిపోయిన సరుకు. 2023 జులైలో కిలో 100 రూపాయలు దాటి మనల్ని ఏడిపించిన పండు ఇదే సుమండీ!

"కూసో బిడ్డా, ఇయ్యాల కెచప్ పెడ్తున్న" అన్నది మిత్రుని తల్లి. పట్నంలో ఒక పెద్దింట వంట చేసిన రోజుల్లో ఆమె అత్తగారు నేర్చుకున్న పద్ధతట.

తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి గనుక నా బుద్ధి మాట మీదికి పోయింది. కెచప్ అన్నది దక్షిణ చైనావారి చేపల పులుసు పేరు నుంచి వచ్చిందని పండితులంటారు. టమాటాతో చేసే విధానాన్ని 1812లో జేమ్స్ మీజ్ అనే అమెరికా వైద్యుడు అచ్చువేయించాడు. అది ఇన్ని దేశాలు తిరిగి తుక్కుగూడ పొయ్యి మీదికి చేరిందన్నమాట!

ఎర్రగా పండినవే ఏరి, ఉడికించి, జల్లెడలో రుద్ది తొక్కలూ గింజలూ తీసేసింది. ఆ గుజ్జు కిలోకు 75 గ్రాముల చక్కెర, 10 గ్రాముల ఉప్పు, 25 మిల్లీలీటర్ల సిర్కా. ఉల్లిగడ్డ, అల్లం, ఎల్లిగడ్డ, ఎండుమిర్చి, దాల్చినచెక్క, లవంగాలు దంచి పల్చటి గుడ్డలో మూటకట్టి గుజ్జులో వేసింది. లవంగాల తలలు ముందే గిల్లేసింది. "తలకాయ ఉంటె నల్లబడ్తది" అన్నది. నిజమే, వాటిలోని వగరు ఇనుముతో కలిస్తే నలుపెక్కుతుంది. అందుకే ఇనుప కడాయి కూడా పనికిరాదు. చక్కెర మొదట మూడోవంతే వేయాలి, లేకపోతే రంగు ముదిరిపోతుంది. గుజ్జు మూడోవంతుకు దిగాక మూట పిండి, మిగిలిన చక్కెర, ఉప్పు వేసి, ఆఖరున సిర్కా పోయాలి. ముందే పోస్తే ఆవిరైపోతుంది గదా! పళ్ళెంలో చుక్క వేస్తే చుట్టూ నీరు ఊరకూడదు. కాచిన సీసాల్లో వేడిగా నింపి, మూతపెట్టి, మరిగేంత వేడినీళ్ళలో అరగంట ఉంచాలి. నిలవ మందు వేయలేదు గనుక తెరిచిన సీసా ఫ్రిజ్‌లోనే ఉండాలి.

"దీనితో నష్టం పూడుతుందా అమ్మా?" అని అడిగాను.

"యాడ పూడ్తది బిడ్డా! అయిదు డబ్బాలల్ల ఒక్కటే ఒడిశింది. కని పండించినది పారబోసుడు నాకు చాతగాదు."

ఉన్న రెండెకరాలూ అమ్మేద్దామని కొడుకు మాట. గజం లెక్కన అడిగేవాళ్ళు వాకిలి దాకా వస్తున్నారు. ఆమె మాత్రం ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు.

బయలుదేరుతుంటే నా చేతిలో ఒక సీసా పెట్టింది.

"ఖాళీ అయినంక సీసా తెచ్చియ్యి బిడ్డా, వచ్చే పంటకు కావాలె" అన్నది, కొడుకు వైపు చూస్తూ.