పీతలు తినే పాటగాడు

ఉడుపి కృష్ణుడి దర్శనం, మల్పె తీరం, మసాలా దోశ అన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. ఘాట్ రోడ్డు ఎక్కి ఆగుంబె చేరాకే యాత్ర మొదలైంది.

ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే ఊరికి జూలైలో వెళ్తే ఎవరైనా జాలిగానే చూస్తారు. సూర్యాస్తమయం చూసే చోట మబ్బు తప్ప ఇంకేమీ లేదు. దిగిన ఇంట్లో దుప్పటి చెమ్మ వాసన, ఉతికిన చొక్కా ఎన్నాళ్లకీ ఆరలేదు. వేడి కషాయం, చేమాకుల పత్రొడె ముందు పెట్టేసరికి నా సణుగుడు ఆగింది.

తెల్లవారుజామున పెరటివైపు నుంచి ఈల. పాట సగమే వచ్చిన కుర్రాడు వేసినట్టు ఉంది. రెండు స్వరాలు ఎక్కుతాడు, తర్వాతది మరిచిపోయి మరెక్కడో తేలతాడు. ఇంగ్లీషువాళ్లు 'ఈలవేసే బడిపిల్లాడు' అని ముద్దుపేరు పెట్టిన మలబార్ విజిలింగ్ థ్రష్ అది. జావా అడవుల్లో తిరిగిన అమెరికన్ డాక్టరు థామస్ హార్స్‌ఫీల్డ్ పేరు 1831లో దీని శాస్త్రీయ నామంలో చేరింది. థ్రష్ అంటారు గానీ ఇప్పుడు దీన్ని ఫ్లైక్యాచర్ల కుటుంబంలో లెక్కిస్తున్నారు.

వాన తెరిపిచ్చాక వక్కతోట వెనక వాగు దగ్గర కనబడింది. 25 సెంటీమీటర్ల నల్లటి పిట్ట. బండ మీదికి ఎగిరి వెలుతురుకు తిరిగేసరికి నుదుటి మీదా భుజాల మీదా నీలం భగ్గుమంది. ఆ నీలం రంగుపదార్థం కాదు, ఈకలోని అతిసూక్ష్మ నిర్మాణం మీద వెలుగు చెదిరితే పుట్టేది. ముక్కులో చిన్న పీత. దాన్ని బండకేసి బాదింది. ఒక కాలు ఊడింది. తిప్పి పట్టుకుని మళ్లీ బాదింది. కాళ్లన్నీ రాలాక మింగి, ముక్కు రాతికి తుడుచుకుంది. వేకువన అంత తీయగా పాడింది ఇదేనంటే నమ్మబుద్ధి కాలేదు.

పక్షుల స్వరపేటిక మనలా గొంతులో ఉండదు. శ్వాసనాళం రెండుగా చీలే చోట, ఛాతీ లోపల ఉంటుంది. దాని రెండు పక్కలూ వేటికవే పనిచేయగలవు. గొంతుకు అంత సత్తా ఉన్నా, వాగు హోరులో ఈ పిట్ట ఈలపాటను నమ్ముకోదు, సూదిలా గుచ్చే ఒకే ఒక్క కీచుకేక పెడుతుంది. నీళ్ల చప్పుడుని చీల్చుకుని అది వినబడింది.

ఇంటావిడతో పాట గురించి తెగ పొగిడాను. మామూలుగా రాతిపగుళ్లలో, వాగుగట్ల వేళ్ల సందుల్లో గూడు కట్టే ఈ పిట్ట, ఒక్కోసారి ఇళ్లనూ వదలదు. ఆవిడ కన్నడంలో అన్నది నాకు అర్థమైనంతలో ఇది: "పాటదేముంది సార్! ఏటా మా ఇంటి దూలం మీదికే నాచూ బురదా మోసుకొస్తుంది. కింద పెట్టిన బిందెలన్నీ కడుక్కునేది నేను. తీసేద్దామంటే మా మనవరాలు ఏడుస్తుంది. మీకు నచ్చితే ఈసారి గూడు మీ ఊరికి పట్టుకెళ్లండి."