ధ్రువసీమలో తిరిగి మొలిచిన పచ్చదనం

బొగ్గు గనుల ఊళ్లలో పుట్టి పెరిగినవారి కళ్లకు ఎంత దూరం వెళ్లినా ముందుగా బొగ్గే కనిపిస్తుంది కాబోలు! ఉత్తర ధ్రువానికి ఇంకా సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న నీ-ఓలెసుండ్ రేవులో ఒక జూలై ఉదయాన ఓడ దిగిన మమ్మల్ని, చుట్టూ ఉన్న హిమానీనదాల కన్నా ముందుగా, పట్టాలపై నిలిచి ఉన్న బుల్లి ఇంజను, దాని వెనుక బొగ్గు టబ్బులు పలకరించాయి.

ఈ ఊరు నార్వే ఏలుబడిలోని స్వాల్బార్డ్ దీవులలో ఉంది. గత శతాబ్ది రెండవ దశకంలో ఇది బొగ్గు కోసమే వెలసింది. 1962 నవంబరు 5న గనిలో సంభవించిన ప్రేలుడులో 21 మంది కార్మికులు అసువులు బాశారు. మరుసటి ఏటితో తవ్వకం ఆగిపోయింది. ఆ సంగతి విన్నప్పుడు మాలో ఎవ్వరమూ మాట్లాడలేకపోయాము. గని కుటుంబాలకు అటువంటి వార్త ఏ దేశానిదైనా పరాయిది కాదు.

నేడిది పరిశోధకుల ఊరు. పలు దేశాల కేంద్రాల నడుమ 2008 జూలై 1న ప్రారంభమైన మన 'హిమాద్రి' కూడా ఉంది. ఆ పేరును చదవగానే మాకు స్వగ్రామంలో అడుగిడినంత ఆనందం కలిగింది. అయితే మేము ఇంతదూరం వచ్చి నేర్చుకున్న పాఠం ఏ భవనంలోనూ లేదు. అది మా కాళ్ల క్రిందనే ఉన్నది.

"దయచేసి బాట దిగవద్దు" అని మార్గదర్శి తొలి అడుగులోనే హెచ్చరించాడు. ఎందుకో అర్థం కాక వంగి చూశాము. గోరంత ఆకులతో నేలకు అంటుకుని ఉన్న ఒక మొక్కను చూపి, "ఇది చెట్టు" అన్నాడు. మాకు నవ్వు వచ్చింది. అది ధ్రువపు విల్లో. దాని కొమ్మలు నాచులోనూ మట్టిలోనూ దాగి ఉంటాయి; వెలుపలికి వచ్చేది రెండు మూడు సెంటీమీటర్లే. అడుగున నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది. వేసవిలో పైపొర మాత్రమే కరుగుతుంది. ఆ కొద్ది వారాలలోనే చిగురించి, పూచి, విత్తనం కట్టాలి.

ఇంతలో ఇళ్ల మధ్యనుండి పొట్టి కాళ్లతో, బొద్దైన ఒంటితో ఒక రెయిన్‌డీర్ తాపీగా నడచి వచ్చింది. పిల్లలు కేరింతలు కొట్టారు. ఆ సాధుజంతువును చూపుతూ మార్గదర్శి చెప్పిన కథ ఇది.

వేటగాళ్ల ధాటికి ఈ బ్రోగర్ ద్వీపకల్పంలో రెయిన్‌డీర్ ఏనాడో అంతరించింది. స్వాల్బార్డ్‌లో వాటి వేటను 1925లో నిషేధించారు. 1978లో మరొక లోయ నుండి తెచ్చిన 12 జంతువులను ఇక్కడ వదిలారు. సుమారు నూరేళ్లుగా ఎవరూ మేయని నేల అది. పైగా తోడేళ్ల బెడద లేదు. మంద ఏటేటా పెరిగి 1993 నాటికి దాదాపు 360కి చేరింది. ఆ శీతకాలంలో మంచుపై వాన కురిసి, నేలపై గాజుపలక వలె గడ్డకట్టింది. దాని క్రింద మేత ఉన్నా నోటికందలేదు. ఎన్నో ఆకలితో చనిపోగా, కొన్ని పొరుగు తీరాలకు వలసపోయాయి. 1994లో మిగిలినవి దాదాపు 80 మాత్రమే.

మంద తగ్గిన తరువాత నేల ఏమైంది? మాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించినది ఈ ప్రశ్నే.

విల్లో వంటి మొక్కలు కోలుకున్నాయి. జంతువు కొరికేది పైనున్న ఆకులనే. వేళ్లు, నిలవ ఉన్న ఆహారం, రాబోయే ఏటి మొగ్గలు భూమిలోనో నాచు పొత్తిళ్లలోనో భద్రంగా ఉంటాయి. దిగువ కొరికిన తోటకూర మళ్లీ చిగిర్చినట్లే ఇవీ చిగురిస్తాయి. పైగా ఆ చలిలో రాలిన ఆకు కుళ్లి ఎరువు కావడానికి ఏళ్లు పడుతుంది. పశువు పొట్టలో పడి పేడగా వచ్చినది మాత్రం త్వరగా నేలకు బలమిస్తుంది. అంటే మితమైన మేత మొక్కకు పూర్తిగా శత్రువు కాదన్నమాట. నాచు కూడా మునుపటి కన్నా దట్టంగా వ్యాపించింది.

కోలుకోనిది లైకెన్. మన వంటింటి మసాలా డబ్బాలోని రాతిపువ్వు ఈ జాతిదే. ఒక శిలీంధ్రమూ, ఒక శైవలమూ కలిసి కాపురం చేస్తే ఏర్పడే జీవి అది. దానికి వేరు లేదు. దాచుకున్న దుంప లేదు. మేస్తే ఉన్నదంతా పోతుంది. ఎండినప్పుడు గిట్ట తగిలినా పొడి అవుతుంది. ఏడాదికి పెరిగేది కొన్ని మిల్లీమీటర్లే. 1978లో ఇక్కడి మిట్టలపై తివాచీ పరచినట్లు ఉన్న లైకెన్, మంద పెరిగిన కొలదీ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మంద కూలిపోయి పదేళ్లు గడిచినా తిరిగి రాలేదు. దాని చోటును చాలావరకు నాచు ఆక్రమించింది. రెయిన్‌డీర్‌లు కూడా లైకెన్‌ను మరచి విల్లో, గడ్డి, నాచులతోనే సరిపెట్టుకుంటున్నాయి.

దూరం నుండి చూస్తే అంతా పచ్చగానే ఉన్నది. మార్గదర్శి చెప్పి ఉండకపోతే, ఆ పచ్చదనంలో ఒకటి లోపించిందని మాకు ఎన్నటికీ తెలిసేది కాదు.

తిరుగు ప్రయాణంలో ఓడపై కూర్చుని మేము మన ఓపెన్‌కాస్ట్ గనుల ప్రక్కన పోసిన మట్టిగుట్టలను గురించి మాట్లాడుకున్నాము. వాటిపై ఏటా వానకాలంలో మొక్కలు నాటుతాము. సుబాబుల్, నీలగిరి, కానుగ నాలుగైదేళ్లలో ఏపుగా పెరుగుతాయి. గుట్ట పచ్చబడిందని ఫొటో తీసి సంతోషిస్తాము. ఆ సంతోషం న్యాయమైనదే. బోడిగుట్ట కన్నా అది వేయి రెట్లు మేలు. అయితే త్వరగా లేచినవాటినే లెక్కించి, నెమ్మదిగా రావలసినవాటిని మరచిపోతున్నామేమో అన్న సందేహం మాలో అందరికీ ఒక్కసారే కలిగింది.

వచ్చిన తరువాత ఒక ఆదివారం అందరమూ కలిసి ఒక పాత గుట్టపైకి వెళ్లాము. వెంట వచ్చిన విశ్రాంత కార్మికుడొకరు, గని రాకముందు అక్కడ ఉన్న చెట్లను వేళ్లపై లెక్కించి చెప్పారు: ఇప్ప, మద్ది, తునికి, చార, ఏగి. పిల్లలు నోటుపుస్తకంలో వ్రాసుకున్నారు. గుట్టంతా తిరిగి చూడగా, ఆ అయిదింటిలో మాకు కనిపించినది ఒక్క తునికి పిలక మాత్రమే. దాని చుట్టూ పిల్లలు రాళ్లు పేర్చి పాదు కట్టారు. మిగిలిన నాలుగు పేర్లూ ఆ పుస్తకంలో భద్రంగా ఉన్నాయి. వచ్చే వానకాలంలో నాటవలసిన మొక్కల జాబితాకు వాటితోనే శ్రీకారం చుడదామని అనుకున్నాము.