లీటరుకి ఎంతిస్తుందండీ?

సినిమావాడి స్థాయి అతని మొహం చూసి చెప్పలేం గానీ, అతను దిగిన కారు చూసి చెప్పొచ్చునని మద్రాసు రోజుల్లో మాలో ఒక మాట ఉండేది. కంపెనీవాళ్ళు పంపిన అంబాసిడర్‌లో మరో నలుగురితో కలిసి ఇరుక్కుని వచ్చేవాడు ఒక రకం. సొంత ఫియట్‌లో వచ్చేవాడు ఇంకో రకం. విదేశీ కారులో వచ్చేవారి సంగతి చెప్పనక్కర్లేదు, స్టూడియో గేటు దానంతటదే తెరుచుకునేది. మరి మారుతీ 800లో దిగేవాడో? వాడికి నమస్కారం పెట్టాలో, "ఎవరు కావాలి?" అని అడగాలో గేటు కాపలావాడికి అంతుపట్టేది కాదు. అలా దిగేవాణ్ణి నేను.

నేనెవరో మీకు తెలిసే అవకాశం లేదు లెండి. "మాటల సహకారం" అని చిన్న అక్షరాల్లో నా పేరు పడే సమయానికి మీరు చీకట్లో సీటు నంబరు వెతుక్కుంటూ ఉంటారు. పెద్ద రచయితల పక్కన కూర్చుని సీన్లు రాసిపెట్టడం నా వృత్తి.

ఆ కారుని 1990లో కొన్నాను. 1988 మోడలు, సెకండ్ హ్యాండు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొట్టమొదటి మారుతీ తాళాలు అందించినప్పటినుంచీ దేశం దేశమంతా ఆ బుల్లి కారు వెంట పడింది. డబ్బు కట్టి, నంబరు ఎప్పుడొస్తుందా అని ఎదురు చూసేవారు. నాకు అంత ఓపికా లేదు, అంత డబ్బూ లేదు. ఒక నిర్మాత తన రెండో కారుని వదిలించుకుంటుంటే నేను పట్టుకున్నాను.

మూడు సిలిండర్లు, 796 సీసీ. అంబాసిడర్ ఇంజను 1489 సీసీ, అంటే దాదాపు దీనికి రెట్టింపు. అది లీటరుకి ఎనిమిదో తొమ్మిదో ఇస్తే యజమాని మీసం మెలేసేవాడు. అందుకే మారుతీ దిగిన ప్రతివాణ్ణీ లోకం ఒకటే ప్రశ్న అడిగేది: "లీటరుకి ఎంతిస్తుందండీ?"

"ఇరవై!" అనేవాణ్ణి నేను, తడుముకోకుండా.

మైలేజీ కూడా మన సినిమా కలెక్షన్ల లాంటిదే సుమండీ. ఎవరి అంకె వాళ్ళు చెప్పుకుంటారు. అడిగినవాడు కూడా నమ్మి అడగడు.

నమ్మనిది మా ఇంట్లోనే ఒకరున్నారు. మా ఆవిడ లెక్కల టీచరు. ఒకరోజు ఎవరితోనో నేను ఇరవై అంటుంటే విని, వాళ్ళు వెళ్ళాక, "లెక్క వేశారా, ఊరికే అన్నారా?" అంది. ఊరికే అన్నానని ఒప్పుకున్నాను. మర్నాడు ఒక నోటు పుస్తకానికి గీతలు గీసి పెట్టింది. తేదీ, మీటరు అంకె, పోయించిన లీటర్లు. టాంకు గొంతుదాకా నింపించి మీటరు చూసుకోవాలి. కొన్నాళ్ళు తిరిగాక మళ్ళీ గొంతుదాకా నింపించి, ఈసారి ఎన్ని లీటర్లు పట్టిందో ఆ అంకెతో తిరిగిన కిలోమీటర్లని భాగించాలి. ఇంతే విద్య.

మొదటి లెక్క 14.6 వచ్చింది. నా మొహం చూడాలి ఆవేళ!

తప్పు కారుది కాదని తర్వాత తేలింది. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజను అంటుకోవడానికి చోక్ లాగుతాం కదా, నేను దాన్ని సగం లాగినట్టే ఉంచి టీ నగర్ అంతా తిరిగేవాణ్ణి. చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ పోతుంది. పైగా క్లచ్చి మీద కాలు ఆనించి నడిపే అలవాటు. టైర్లలో గాలి సంగతి పంక్చరు పడితే తప్ప గుర్తు రాదు. ఈ మూడూ సరిచేసుకునేసరికి 16కి పైన పడింది. మా ఆవిడ కూడా డ్రైవింగు నేర్చుకుంది. ఆవిడ నడిపిన నెల 17 దాటింది. ఆ పేజీ గురించి ఎక్కువ మాట్లాడను.

ఆ పుస్తకంలో నాకు ఇష్టమైన అంకె 19.4. 1993లో సంసారం ఎత్తుకుని హైదరాబాదు వచ్చినప్పటిది. అప్పటికి పరిశ్రమ చాలావరకు తరలి వచ్చేసింది, మద్రాసులో కూర్చుంటే మాకు కబురు చేసేవాళ్ళు లేరు. నెల్లూరు, ఒంగోలు, విజయవాడ మీదుగా ఏడువందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. వెనక సీట్లో మా అమ్మాయి, దాని పక్కన గ్రైండరు రాయి, కాళ్ళ దగ్గర నా స్క్రిప్టుల పెట్టె. అంత బరువుతోనూ అంత మైలేజీ ఎందుకిచ్చిందంటే, టాప్ గేరు వేశాక అరవైకి అటూ ఇటూ కాకుండా పోతూనే ఉన్నాం. ఆగి బయల్దేరడమే పెట్రోలుని తాగేది, పరుగు కాదు.

హైదరాబాదులో చిక్కడపల్లిలో దిగాం. ఫిల్మ్‌నగర్‌కి పోనూ రానూ ఇరవై ఆరు కిలోమీటర్లు. పంజగుట్ట దగ్గర ఆగినంత సేపు ఆగి, మళ్ళీ కదిలి, ఎలాగో పదిహేను ఇచ్చేది. ఆ ఏడెనిమిదేళ్ళూ పుస్తకంలో చెప్పుకోదగ్గ విశేషం లేదు.

2001 సంగతి చెప్పాలి.

నేను పనిచేసే రచయితగారికి అవకాశాలు తగ్గాయి. ఆయనకి తగ్గితే మాకు పూర్తిగా లేనట్టే. ఒకరోజు ఆఫీసుకి వెళ్తే తాళం వేసి ఉంది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. మర్నాడూ తొమ్మిదింటికే క్యారియరు తీసుకుని కారు తీశాను. "స్టోరీ సిట్టింగ్" అన్నాను. తిన్నగా ఇందిరా పార్కుకి వెళ్ళి చెట్టు కింద కూర్చున్నాను. ఆ మర్నాడూ అంతే. పార్కు పక్క రోడ్డు మీద ధర్నాలు జరుగుతుండేవి. ఉద్యోగాలు కావాలని వాళ్ళు మైకులో అరుస్తుంటే నేను లోపల కూర్చుని క్యారియరు విప్పేవాణ్ణి. సాయంత్రం అయిదింటికి ఇంటికి. "ఎలా జరిగింది?" అంటే "సెకండాఫ్ దగ్గర ఆగింది" అనేవాణ్ణి. అదేం అబద్ధం కాదు లెండి, ఒకరకంగా.

అలా మూడు నెలలు.

టాంకు గొంతుదాకా నింపే రోజులు ఎప్పుడో పోయాయి. రెండు లీటర్లు, మూడు లీటర్లు పోయించేవాణ్ణి. పుస్తకం మాత్రం ఆవిడ మానలేదు. ఆదివారం కారు తుడిచినప్పుడు మీటరు రాసుకునేది, నా జేబులో బంకు రసీదులు తీసి లీటర్లు కలిపేది. ఒక రాత్రి, "ఏమండీ, మైలేజీ పదిన్నరకి పడిపోయింది. మెకానిక్‌కి చూపిద్దామా?" అంది.

ఇద్దరం వెళ్ళాం. మా వీధి చివర షెడ్డు మెకానిక్ పెద్దాయన, మంచి పనిమంతుడు. బానెట్ ఎత్తి మూడు ప్లగ్గులూ ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు. మూడూ కాటుక పట్టినట్టు నల్లగా ఉన్నాయి.

"రోజూ ఎంత దూరం పోతది సార్ బండి?"

"ఫిల్మ్‌నగర్" అన్నాను.

ఆయన ప్లగ్గుల వంక చూశాడు, నా వంక చూశాడు. "ఫిల్మ్‌నగర్ పోయే బండికి ప్లగ్గు ఇట్లుండదు సార్. మంచిగ వేడెక్కితే మసి కాలిపోతది. ఇది వేడెక్కుతనే లేదు. కిలోమీటరో, కిలోమీటరున్నరో పోయి ఆగుతున్నది."

నా నోట మాట లేదు. అప్పుడు మా ఆవిడ అంది, చాలా మామూలుగా: "ఈమధ్య దగ్గర దగ్గరే తిప్పుతున్నాం భాయ్. బజారుకీ దానికీ."

ప్లగ్గులు శుభ్రం చేయించుకుని వచ్చేశాం. దారిలో ఆవిడేం మాట్లాడలేదు. ఇంటికొచ్చాక నేనే పుస్తకం తీసి చూశాను. ఆ నెల 96 కిలోమీటర్లు, 9 లీటర్లు. అంతకుముందు నెల నూటొకటి. ఏడాది కిందట అదే నెలలో ఆరువందల డెబ్బై. ఇన్నేళ్ళూ నేను భాగించగా వచ్చిన అంకెనే చూసుకున్నాను. భాగించబడే అంకె ఒకటుంటుందని, ఆవిడ అదీ చూస్తుందని నాకు తట్టలేదు. మొదటి నెలలోనే తెలిసిపోయింది ఆవిడకి. తెలిసీ రోజూ క్యారియరు కట్టి ఇచ్చింది.

మర్నాడు పొద్దున్న తాళాలు తీయబోతుంటే వంటింట్లోంచి అంది: "పార్కుకే అయితే నడిచి వెళ్ళండి. పెట్రోలు కలిసొస్తుంది."

నడిచే వెళ్ళాను. నాలుగు రోజులు నడిచాక, అయిదో రోజు పార్కు దాటి ముందుకి నడిచి, టీవీ సీరియల్సు తీసే ఒక ఆఫీసు మెట్లెక్కాను. సినిమావాడు బుల్లితెర మెట్లెక్కడం అప్పట్లో మాకు నామోషీ. వారానికి అయిదు ఎపిసోడ్లు రాశాను. ఆ నామోషీతోనే మా అమ్మాయి పెళ్ళి చేశాను.

కారు ఇప్పటికీ ఉంది. ఆ 800 తయారీనే కంపెనీ 2014లో ఆపేసింది. మధ్యలో ఒకసారి ఇంజను విప్పి రింగులు మార్పించాను. 2022లో పాత కార్ల రిజిస్ట్రేషను పొడిగింపు ఫీజు ఆరువందల నుంచి అయిదువేలు చేశారు, అప్పుడు మా అల్లుడు అమ్మేయమని గట్టిగా పట్టుబట్టాడు. "కొత్తది ఇరవై ఇస్తుంది మామయ్యా, పెట్రోలు ఎంత మిగులుతుందో!" అంటాడు.

మా ఆవిడ కాగితం తీసింది. నెలకి మేం తిరిగేది 250 కిలోమీటర్లు. పద్నాలుగు చొప్పున పాతదానికి దాదాపు 18 లీటర్లు, ఇరవై చొప్పున కొత్తదానికి పన్నెండున్నర. లీటరు 107 రూపాయలు వేసుకున్నా ఏడాదికి మిగిలేది ఏడువేలకి లోపే. కొత్త కారు అయిదు లక్షలనుకుంటే, ఆ సొమ్ము పెట్రోల్లో రాబట్టాలంటే నేను ఇంకా డెబ్బై ఏళ్ళు పైన బతకాలి. అల్లుడు నవ్వి ఊరుకున్నాడు. రోజుకి యాభై కిలోమీటర్లు తిరిగేవాడైతే అల్లుడిదే రైటు, అదీ ఒప్పుకుంటాను. పొగ విషయంలో మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆ రోజుల కారుకి పొగని శుద్ధి చేసే కన్వర్టరు లేదు, స్టార్టు చేస్తే వాకిట్లో వాసన తెలుస్తుంది. తక్కువ తిరుగుతున్నాం కదా అని సర్దిచెప్పుకుంటున్నాను.

ఇప్పుడు కొత్త తంటా ఒకటి. బంకుల్లో ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు వచ్చింది. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి పెట్రోలు కన్నా మూడోవంతు తక్కువ. అంచేత మైలేజీ వందకి ఆరేడు వంతులు తగ్గాలి. మా పుస్తకంలో 14 ఉన్నది 13.1 అయింది, లెక్క కుదిరింది. కొత్త కార్లలో అయితే మిశ్రమాన్ని సర్దుకునే ఏర్పాటుంటుంది. మాది కార్బురేటరు, దానికి ఏం పోస్తే అదే అమృతం. రబ్బరు పైపులు పాడవుతాయని వాటిని మార్పించడానికి మొన్న షెడ్డుకి తీసుకెళ్ళాం. పెద్దాయన పోయారు, ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు.

పైపులు మార్చి, "ప్లగ్గులు కూడా ఒకసారి చూస్తా సార్" అన్నాడు. మా ఆవిడ నా పక్కనే ఉంది. అతను పానా పెట్టి తిప్పుతున్నంత సేపూ నేను అటు తిరిగి రోడ్డు మీద పోయే బండ్లని చూస్తూ నిలబడ్డాను.