అద్దం మీది ధర

దుబాయ్‌లో అతని పని తెల్లవారుజామున నాలుగింటికి మొదలయ్యేది. ఒక చేతిలో బకెట్, మరో చేతిలో గుడ్డ. పెద్ద అపార్ట్‌మెంట్ కింద వరసగా నిలబడ్డ కార్లను యజమానులు నిద్రలేచేలోపు తుడిచిపెట్టాలి. నిర్మల్ దగ్గరి పల్లె నుంచి వెళ్లినవాడికి మొదట్లో వాటి పేర్లకు నోరే తిరగలేదు. రెండేళ్లు గడిచేసరికి చీకట్లో చెయ్యిపెట్టి ఇది పోర్షే, ఇది ఫెరారీ అని చెప్పేవాడు.

వాటిలో ఒక ఎర్ర పోర్షే అంటే అతనికి మహా ఇష్టం. నేలకు ఆనినట్టుండేది. ఇద్దరే కూర్చోవచ్చు. ఆ కారు ఖరీదుతో ఊళ్లో ఎన్నెకరాలు వస్తాయో లెక్కేసుకుంటూ తుడిచేవాడు. ఎప్పుడు లెక్కేసినా అది తమ వాడ పొలాలన్నీ దాటిపోయేది.

2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కుప్పకూలింది. ఆ పేరు అతను వినలేదు. అతనికి తెలిసిందల్లా ఆకాశంలో తిరిగే క్రేన్లు ఒక్కొక్కటిగా ఆగిపోవడం. ఆ తర్వాత కార్ల అద్దాల మీద కాగితాలు కనిపించాయి. అమ్మకానికి ఉందని ఒక ముక్క, కింద ధర, ఫోన్ నంబరు. అద్దం తుడవాలంటే ఆ కాగితాన్ని జాగ్రత్తగా ఎత్తి, మళ్లీ పెట్టాలి. కొన్నాళ్లకు ఎర్ర కారుకూ ఒకటి వచ్చింది. వారం తిరక్కముందే ధర కొట్టేసి, పక్కన తక్కువ అంకె రాశారు. మరో పది రోజులకు దాన్నీ కొట్టేశారు. చివరికి అంకె లేదు. ఎంతిచ్చినా మాట్లాడుకుందాం అన్న అర్థంలో ఒక్క మాట మిగిలింది.

కారు మాత్రం అదే కారు. ఒక్క గీత పడలేదు. మరి ధర ఎక్కడికి పోయింది?

అతనికి తోటి డ్రైవర్లు చెప్పారు. అక్కడ విదేశీయుడికి ఉద్యోగం పోతే వీసా పోతుంది. వీసా రద్దయ్యాక దేశం విడవడానికి ఉండేది నెల రోజుల గడువు. కార్లు చాలావరకు బ్యాంకు అప్పుతో కొన్నవే. ముందు తేదీలు వేసి ఇచ్చిన చెక్కులు బ్యాంకు దగ్గరుండేవి. అప్పటి చట్టం ప్రకారం చెక్కు చెల్లకపోతే జైలే. పైగా బాకీ తీరిందని బ్యాంకు కాగితం ఇస్తేనే కారు ఇంకొకరి పేరు మీదికి మారుతుంది. మూడు లక్షల దిర్హమ్‌ల బాకీ ఉందనుకుందాం. కారుకు లక్షన్నరే వస్తే మిగతా లక్షన్నర చేతినుంచి పెట్టాలి. ఉద్యోగం పోయినవాడి దగ్గర అంత ఎక్కడిది?

మామూలు కారుకైతే ఎవరో ఒకరు దొరుకుతారు. ఆఫీసుకు పోవాలి, పిల్లల్ని బడికి దింపాలి. ఇద్దరే పట్టే కారు అవసరానికి కొనేది కాదు, సరదాకు కొనేది. కష్టకాలంలో ఇళ్లల్లో మొదట ఆగిపోయేది సరదానే. బ్యాంకులు కొత్త అప్పులు బిగించాయి. చేతిలో నగదు ఉన్న కొద్దిమందీ రేపు ఇంకా తగ్గుతుందిలే అని చేతులు కట్టుకుని కూర్చున్నారు. అమ్మేవాళ్లంతా ఒక్కరోజే వచ్చారు, కొనేవాళ్లంతా ఒక్కరోజే ఆగారు.

కొందరు కారును అలాగే వదిలేసి విమానమెక్కారు. విమానాశ్రయం దగ్గర మూడు వేల కార్లు పడి ఉన్నాయని 2009 మొదట్లో ప్రపంచమంతా ప్రచారం జరిగింది. ఆ అంకెను దుబాయ్ పోలీసులు కొట్టిపారేశారు. అంకె సంగతి ఎలా ఉన్నా, అతని పార్కింగ్‌లో ఎర్ర కారు యజమాని ఒక రాత్రి కనిపించకుండా పోయాడు. ఆ నెల తుడిచిన డబ్బులూ పోయాయి. ఇసుక దుమ్ము పడి ఎర్రరంగు మట్టిరంగయింది. తుడవమని చెప్పేవాళ్లు లేరు. అయినా రెండుసార్లు అద్దం వరకూ తుడిచాడు. మూడోసారి మానేశాడు.

దుమ్ము పట్టిన ఆ కారును చూసినప్పుడల్లా అతనికి బాపు గుర్తొచ్చేవాడు. 2002 కరువులో బాపు ఎడ్ల జతను అంగడికి తోలుకుపోయాడు. గడ్డి లేదు, చెరువులో నీళ్లు లేవు. అంగట్లో చూస్తే ఎటు చూసినా ఎడ్లే. ఊళ్లకు ఊళ్లు అదే పని మీద వచ్చాయి. కొనేవాడికి తెలుసు, వీళ్లు వాటిని ఇంటికి తోలుకుపోలేరని. పొద్దు గుంకేదాకా నిలబడి, అడిగిన ధరకే పగ్గం చేతిలో పెట్టాడు బాపు. ఆ ఎడ్లు కూడా మంచివే. వాటికీ ఒక్క గీత పడలేదు. మరుసటి ఏడు వానలు పడ్డాక అలాంటి జత కొనాలంటే ఆ డబ్బుకు ఒక్క ఎద్దూ రాలేదు. అతను దుబాయ్ దారి పట్టింది ఆ తర్వాతే, ఏజెంటుకు కట్టడానికి మిత్తికి తెచ్చిన డబ్బుతో.

పోర్షేకైనా, ఎడ్లకైనా అంగడి ఒక్కటే అని అతనికి అప్పుడు అర్థమైంది. కాకపోతే అర్థమవడం వేరు, తన మీదికి రావడం వేరు.

2009 ఫిబ్రవరిలో ఇంటి నుంచి మిస్డ్ కాల్ వచ్చింది. తిరిగి చేశాడు.

"షావుకారి రెండెకరాలు అడుగుతున్నడు. ఇస్తే బాకీ చెల్లంటున్నడు" అంది భార్య.

"ఎంతకడుగుతున్నడు?"

"పోయినేడు అన్నదాంట్ల సగం. గల్ఫ్‌ల పనులు పోతున్నయని ఊరంత తెల్సె."

అతని కంపెనీలోనూ సగంమందిని ఇంటికి పంపారు. రేపు తన వంతు కావచ్చు. ఒక్క మాట అంటే బాకీ తీరిపోతుంది. ఫోన్ పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. బిల్లు పడుతూనే ఉంది.

"ఇయ్యకు" అన్నాడు చివరికి. "మనకు తొందరున్నదని ఆయనకెరుక. భూమి కౌలుకియ్యి. మిత్తి కడుదం."

"మిత్తికి ఏడికెల్లి తెస్తం?" అని ఆగి, ఆమే అంది. "నా గొలుసున్నది గదా. బంగారం పిరమైందట."

నిజమే. లోకమంతా భయపడి బంగారం వైపు పరుగెత్తిన రోజులవి. ఆ నెలలోనే పది గ్రాములు 15 వేల రూపాయలు దాటింది. కార్లు, పొలాలు పడిపోతుంటే బంగారం ఎక్కుతోంది. పడిపోయేదాన్ని ఆపి, ఎక్కేదాన్ని అమ్మాలన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. అయినా తన మెడలోది తీయడం తేలికా? పెళ్లప్పటి గొలుసు అది.

ఆ తర్వాత అంతా సాఫీగా జరగలేదు. ఆ ఏడు దేశమంతా కరువే. కౌలుదారు సగమే ఇచ్చాడు. ఒక్క సంగతి కలిసొచ్చింది. 2008 మొదట్లో పదకొండు రూపాయలున్న దిర్హమ్ ఏడాదికి పద్నాలుగు దాకా వచ్చింది. జీతం పెరగకపోయినా ఇంటికి చేరే డబ్బు పెరిగింది. అతని ఉద్యోగం నిలబడింది. బాకీ తీరడానికి మరో మూడేళ్లు పట్టింది. గొలుసు మాత్రం మళ్లీ చేయించలేకపోయాడు. ఆ మాట వచ్చినప్పుడు ఇద్దరూ వేరే మాటలోకి పోతారు.

ధర ఎప్పుడూ కిందికే పోదు. 2021లో చిప్‌ల కొరతతో కొత్త కార్లు దొరక్క చాలా దేశాల్లో పాత కార్ల ధరలు ఎగబాకాయి. ఆ వార్త చదివి అతను నవ్వుకున్నాడు. ఎర్ర కారు ఎవరి చేతికి పోయిందో, ఆ ఏడు ఎంత పలికిందో!

ఇప్పుడతను ఊళ్లోనే ఉంటున్నాడు. 2016లో నిర్మల్ జిల్లా అయింది. రెండెకరాలూ అలాగే ఉన్నాయి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లో, బిడ్డ పెళ్లి పెట్టుకున్నవాళ్లో అప్పుడప్పుడు సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుంటారు. ట్రాక్టరు అమ్ముదామనుకుంటున్నామనో, జాగా బేరానికి పెట్టామనో చెప్పి, ఎంతకివ్వొచ్చని అడుగుతారు.

అతను ధర చెప్పడు. ముందు ఒక్క మాటే అడుగుతాడు.

"ఎన్ని దినాల్ల అమ్మాలె?"