మియోషీ పారేసిన బొమ్మ

2023 మార్చి 13, సోమవారం పొద్దున. 'నాటు నాటు' పాటకు ఆస్కార్ వచ్చిందని టీవీలో చెప్పగానే మా వీధిలో పండగే పండగ. అదే వేదిక మీద కాసేపటికి మలేషియా నటి మిషెల్ యో ఉత్తమనటి అవార్డు అందుకుంది. 'అంతకుముందు మన ఆసియా వైపు నటి ఎవరికీ ఆస్కార్ రాలేదా నాన్నా?' అంది మా అమ్మాయి. ఎందుకు రాలేదూ! ఉత్తమనటిగా కాదుగానీ, సహాయనటిగా ఒక జపాన్ అమ్మాయికి 1958లోనే వచ్చింది. ఆ బొమ్మను ఆవిడ ఏం చేసిందో చెప్తే మా ఇంట్లో ఎవరూ ఓ పట్టాన నమ్మలేదు.

ఆమె పేరు మియోషీ ఉమెకి. జపాన్‌కి ఉత్తరాన హొక్కైడో దీవిలో ఒటారు అనే ఊళ్లో 1929లో పుట్టింది. తొమ్మిదిమంది పిల్లల్లో ఆఖరిది. యుద్ధంలో జపాన్ ఓడిపోయి, అమెరికా సైన్యం అక్కడ మకాం వేసిన రోజుల్లో ఈ పిల్లకి పాటల పిచ్చి పట్టుకుంది. అదీ అమెరికా పాటలు! నిన్నమొన్నటిదాకా శత్రువులైన సైనికుల ముందు నిలబడి వాళ్ల పాటలే పాడింది. నాన్సీ ఉమెకి అని పేరు మార్చుకుని రికార్డులు కూడా ఇచ్చింది. 1955లో అమెరికా వెళ్లి, ఆర్థర్ గాడ్‌ఫ్రే నడిపే టీవీ కార్యక్రమంలో పాడుతుంటే దర్శకుడు జాషువా లోగన్ కంట్లో పడింది.

ఆయన తీసిన 'సయొనారా' 1957లో వచ్చింది. హీరో మార్లన్ బ్రాండో. అయితే నా మనసులో నిలిచిపోయింది రెండో జంట కథ. కెల్లీ అనే అమెరికా సైనికుడు, కట్సుమి అనే జపాన్ అమ్మాయి. సైన్యం వద్దన్నా పెళ్లి చేసుకుంటారు. కెల్లీని స్వదేశానికి పొమ్మంటారు. కడుపుతో ఉన్న భార్యను మాత్రం తీసుకెళ్లనివ్వరు. చివరికి ఇద్దరూ కలిసే ప్రాణాలు తీసుకుంటారు. కట్సుమిగా మియోషీకి మాటలు తక్కువ. ఉన్నదంతా కళ్లలోనే. ఇదే సినిమాలో జపాన్ కబుకి నటుడి పాత్ర వేసిందెవరో తెలుసా? మెక్సికోలో పుట్టిన రికార్డో మాంటల్‌బాన్! జపాన్ మగవాడి వేషానికి జపాన్ మగవాడు అక్కర్లేదన్నమాట. అప్పటి హాలీవుడ్ తీరు అది.

1958 మార్చి 26 రాత్రి ఆమె పేరు పిలిచారు. కిమోనో కట్టుకుని వేదికెక్కిన మియోషీ ఇది అనుకోలేదని, ఏం చెప్పాలో తెలియడం లేదని తడబడుతూనే అందరికీ కృతజ్ఞతలు చెప్పింది. భర్తగా నటించిన రెడ్ బటన్స్‌కి కూడా అదే రాత్రి సహాయనటుడి అవార్డు వచ్చింది.

తర్వాత దశ తిరిగిపోవాలి కదా! బ్రాడ్‌వే నాటకరంగంలో కొంత తిరిగింది కూడా. 'ఫ్లవర్ డ్రమ్ సాంగ్' నాటకంలో చైనా నుంచి వచ్చిన పెళ్లికూతురుగా వేసి, టోనీ అవార్డుకు నామినేషన్ తెచ్చుకుంది. 1961లో అదే సినిమాగా వచ్చింది. 1962తో సినిమాలు అయిపోయాయి. అమెరికాలో ఆమె చేసినవి మొత్తం అయిదంటే అయిదే.

మిగిలింది టీవీ. 1969 నుంచి 1972 దాకా నడిచిన 'ద కోర్ట్‌షిప్ ఆఫ్ ఎడ్డీస్ ఫాదర్' సీరియల్‌లో మిసెస్ లివింగ్‌స్టన్ అనే ఇంటిమనిషి పాత్ర. వంట, ఇల్లు, తల్లిలేని పిల్లాడి ఆలనాపాలనా. ఆ పిల్లాడి తండ్రిని పేరుపెట్టి పిలవదు, 'మిస్టర్ ఎడ్డీస్ ఫాదర్' అంటుంది. అమెరికావాళ్లకు అది నవ్వు పుట్టించే ముచ్చట. మొగుణ్ని 'బుజ్జిగాడి నాన్నా' అని పిలిచే మా మేనత్త వింటే, ఇందులో నవ్వడానికేముందీ అనేది! ఆ పాత్రలో మియోషీ ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. ఆస్కార్ నటికి దక్కింది ఇదా అని మనసు చివుక్కుమంటుంది కూడా.

సీరియల్ ఆగిపోయేసరికి ఆమెకి 42 ఏళ్లు. అంతే, మళ్లీ కెమెరా ముందుకు రాలేదు. రెండో భర్తతో కలిసి సినిమావాళ్లకు ఎడిటింగ్ పరికరాలు అద్దెకిచ్చే వ్యాపారం చేసుకుంది. 1976లో ఆయన పోయాడు.

ఇక ఆ బొమ్మ సంగతి. ఆమె పోయిన చాలా ఏళ్లకు కొడుకు ఒక పత్రికకు చెప్పిన ముచ్చట ఇది. ఆస్కార్ మీద చెక్కిన తన పేరును ఆమె గీకి చెరిపేసింది. తర్వాత ఆ బొమ్మను చెత్తలో పారేసింది. తానెవరో, తానేం చేసిందో తనకు తెలుసునని కొడుకుతో అందట.

'ఎంత కడుపుమంట ఉంటే సొంత పేరు గీకేసుకుంటుంది!' అంది మా ఆవిడ. మా షోకేసులో కాలేజీ వక్తృత్వ పోటీలో నాకొచ్చిన కప్పొకటి ఉంది. పూతంతా ఊడిపోయింది. అయినా ప్రతి దసరాకీ దుమ్ము దులిపి మళ్లీ అక్కడే పెడతాం. అలాంటి ఇంట్లో ఈ కథ మింగుడు పడడం కష్టమే. నాకు మాత్రం అది ఉత్త కోపంలా అనిపించదు. కోపమైతే విసిరికొడితే చాలు. కూర్చుని, ఒక్కో అక్షరం గీకాలంటే ఓపిక కావాలి. పేరు మాత్రం తన దగ్గరే ఉంచుకుని, లోహాన్ని వాళ్లకు వదిలేసిందనుకుంటాను.

చివరి రోజుల్లో కొడుకు కుటుంబానికి దగ్గరగా ఉండాలని మిస్సోరి రాష్ట్రంలో లికింగ్ అనే చిన్న ఊరు చేరింది. 2007 జనవరిలో మరో జపాన్ నటికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. 'బాబెల్'లో వినపడని, మాట్లాడని అమ్మాయిగా వేసిన రింకో కికుచి. మియోషీ తర్వాత నటనకు నామినేషన్ దాకా వచ్చిన జపాన్ నటి ఆమే. మధ్యలో 49 ఏళ్లు! అవార్డు జెన్నిఫర్ హడ్సన్‌కి వెళ్లింది. ఆ ఏడాదే ఆగస్టు 28న మియోషీ 78వ ఏట కన్నుమూసింది. రింకో 2013లో 'పసిఫిక్ రిమ్'లో వందల అడుగుల ఎత్తున్న యంత్రాన్ని నడిపే వీరనారిగా కనిపించింది. మా అమ్మాయికి ఆ సినిమా అప్పటికే తెలుసు. మియోషీ పేరు మాత్రం ఆ సోమవారమే విన్నది.