దివిసీమ ప్రయాణం: వెళ్లాలా? మానాలా?

కృష్ణానది సముద్రంలో కలిసే చోటు చూడాలనుకునే వారికి నవంబరు, డిసెంబరు నెలలు చాలా అనుకూలంగా కనిపిస్తాయి. ఎండ మెత్తబడుతుంది. వరిచేలు పండి బంగారు రంగుకు తిరుగుతాయి. పులిగడ్డ దగ్గర నది పాయలుగా చీలి, నడుమ దివిసీమను దీవిలా ఉంచి, సముద్రం వైపు సాగిపోతుంది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, హంసలదీవి – ఏ ఊరు చూసినా ఒకవైపు పచ్చని పంట, ఒకవైపు ఉప్పునీటి గాలి. అయితే బంగాళాఖాతంలో తుఫానులు పుట్టే కాలం కూడా ఇదే. ఈ సీమకు ప్రయాణం కట్టేవారు ఈ రెండు సంగతులనూ లెక్కలో పెట్టుకోవలసి ఉంటుంది. 2023 డిసెంబరులో ఆ లెక్క మా ఇంటికే వచ్చింది.

మాది సికింద్రాబాదు. మేమూ, మా తమ్ముడి కుటుంబమూ, అమ్మ – అందరం కలిసి డిసెంబరు 3 ఆదివారం రాత్రి బందరు రైలెక్కాలని అనుకున్నాం. ఒకరోజు బందరు, రెండు రోజులు దివిసీమ. నాగాయలంక దగ్గర మా పెద్దమ్మ కొడుకు, అన్నయ్య, వ్యవసాయం చేసుకుంటూ ఉన్నాడు. బెంగుళూరులో పనిచేసే తమ్ముడికి నాలుగు రోజుల సెలవు దొరకటమే గగనం. పిల్లలు నెలరోజులుగా సముద్రం గురించే మాట్లాడుతున్నారు. అందరికంటె అమ్మకే ఎక్కువ ఆశ. డెబ్బయ్యారేళ్ల వయసులో మోకాళ్లు మొరాయిస్తున్నాయి. “ఈసారి తప్పితే మళ్లీ వెళ్తానో లేదో” అని ఆమె చాలాసార్లు అన్నది.

శుక్రవారం నాటికి బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందని వార్త వచ్చింది. శనివారం వాతావరణ శాఖ ప్రకటన మరింత స్పష్టంగా ఉంది. అది తుఫానుగా మారి, నెల్లూరు – మచిలీపట్నం మధ్య 5వ తేదీన తీరం దాటే అవకాశం ఉందని చెప్పారు. దానికి మయన్మారు దేశం సూచించిన పేరు పెట్టారు. మన పత్రికలు ‘మిచాంగ్’ అనీ, ‘మిగ్‌జాం’ అనీ రెండు విధాలుగా రాశాయి. ఆ 5వ తేదీ మంగళవారం మేము దివిసీమలో ఉండవలసిన రోజు.

విశ్వాసమా, మొండితనమా?

శనివారం సాయంకాలం ఇంట్లో చర్చ మొదలైంది. తమ్ముడు ఫోనులో పటం చూపిస్తూ, “నెల్లూరు నుంచి బందరు దాకా ఎంత దూరం ఉంది! ఎక్కడో దాటుతుంది. గాలి కూడా 1977 నాటి గాలి కాదు” అన్నాడు. రైలు టిక్కెట్ల లెక్క మరొకటి. అప్పటి నియమం ప్రకారం బయలుదేరే వేళకు 48 గంటలలోపు రద్దు చేసుకుంటే చార్జీలో నాలుగో వంతు పోయేది. 12 గంటలలోపైతే సగం పోయేది. రైల్వేవారే రైలు రద్దు చేస్తే మొత్తం తిరిగి వస్తుంది. కనుక వాళ్లే రద్దు చేసేదాకా కాచుకుందామని ఒక ఆలోచన.

అదే సమయానికి మా సంఘ పెద్ద ఒకరు ఇంటికి వచ్చారు. ఆయన ఆప్యాయంగానే, “ప్రార్థన చేసుకొని బయలుదేరండి. గాలిని, సముద్రాన్ని గద్దించిన ప్రభువు మీతో రాడా?” అన్నారు. ఆ మాట విన్నాక ప్రయాణం మానుకోవటం అవిశ్వాసమేమో అనే సందేహం మాలో కొందరికి కలిగింది.

అమ్మ అంతవరకు ఏమీ మాట్లాడలేదు. అప్పుడు మెల్లగా, “అయ్యా, ఆ రాత్రి మా అక్క ప్రార్థన చేస్తూనే ఉన్నదట” అన్నది.

ఆ రాత్రి అంటే 1977 నవంబరు 19. దివిసీమలో పుట్టినవారికి సంవత్సరం చెప్పనక్కరలేదు. సముద్రం సుమారు ఐదు మీటర్ల ఎత్తున లేచి ఊళ్లమీదికి వచ్చింది. పదివేల మందికి పైగా చనిపోయారు. పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి పల్లెలు కొట్టుకుపోయాయి. మా పెద్దమ్మ పోయింది. పదేళ్ల అన్నయ్య తాడిచెట్టు పట్టుకొని తెల్లవార్లూ వేలాడి బ్రతికాడు. అమ్మ అప్పటికి పెళ్లయి గుడివాడలో ఉన్నది. నాలుగో రోజున ఊరు చేరగలిగింది. ఆ తరువాత అక్కడి సముద్రపు ఒడ్డుకు ఆమె మళ్లీ వెళ్లలేదు. ఈ ప్రయాణంలో మనవలకు ఆ చోటు చూపించాలని ఆమె కోరిక.

“దేవుడు ఆమె ప్రార్థన వినలేదని నేను అనను” అన్నది అమ్మ. “కాని తుఫాను ఎటు వస్తున్నదో, ఎంత వస్తున్నదో మా పల్లెకు చెప్పినవారు లేరు. చెప్పి ఉంటే మా అక్క పిల్లవాణ్ణి తీసుకొని గుడివాడ వచ్చేది. ఇప్పుడు మూడు రోజుల ముందే చెబుతున్నారు.”

చెప్పటం వలన ఏమవుతుందో ఆ తీరమే చూసింది. 1990 మేలో మరో పెను తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. అదీ 1977 తుఫానుతో పోల్చదగినదే. కాని ఈసారి లక్షల మందిని ముందుగానే సురక్షిత స్థలాలకు చేర్చారు. చనిపోయినవారు వెయ్యి మందిలోపే. ఆ వెయ్యి కూడా తక్కువ కాదు. అయినా పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న తేడా చాలవరకు హెచ్చరికవలన, దాన్ని విన్నవారివలన వచ్చిందే.

గలిలయ సముద్రం మీద శిష్యులు పడవెక్కింది ప్రభువు అద్దరికి పోదామన్నందున. అదే ప్రభువు దేవాలయ శిఖరంమీద నిలబడినప్పుడు, దూతలు ఎత్తుకుంటారులే అని దూకమంటే దూకలేదు. ఆ రెండు సంగతులనూ ఒకే సువార్తలో చదువుతాం. మేము బందరు వెళ్లాలని ప్రభువు ఆజ్ఞ ఏదీ లేదు. మాకున్నది సెలవు, సరదా, టిక్కెట్లు మాత్రమే.

ఒక ఫోను మాట

ఇంత మాట్లాడుకున్నా ఇంకా తేలలేదు. చివరకు అమ్మ అన్నయ్యకు ఫోను చేసింది.

“ఏం నాయనా, మమ్మల్ని రమ్మంటావా?”

“రండి పిన్నీ. రాకరాక వస్తున్నారు. వర్షమొస్తే వచ్చింది. నేనే బందరు దాకా బండి తెచ్చి ఎక్కించుకుంటా.”

“వరి ఎంతవరకు వచ్చింది?”

కాసేపు మాట లేదు. “మూడెకరాలు కోశాం పిన్నీ. పనల మీదుంది. ఈ రెండు రోజుల్లో కుప్ప వెయ్యాలి. అందరూ ఒక్కసారే కుప్పలకు దిగారు. కూలీలు దొరకటం లేదు. బరకాలు కూడా దొరకటం లేదు.”

ఫోను పెట్టేసి అమ్మ మావైపు చూసింది. “వాడు రావద్దని చెప్పడు. చెప్పలేడు. మనం వెళితే వాడు చేలో ఉండాలా, మన దగ్గర ఉండాలా?”

అంతటితో చర్చ ముగిసింది. అంతవరకు మేము తుఫాను మమ్మల్ని ఏం చేస్తుందా అనే చూస్తూ ఉన్నాం. మా రాక ఆ ఇంటిని ఏం చేస్తుందో అమ్మ చూసింది. తుఫాను వేళ తీరానికి వెళ్లిన చుట్టం ఒక మంచం, ఒక పొయ్యి, ఒక మనిషి సమయం తీసుకుంటాడు. రోడ్డు మీద ఒక బండి అడ్డం ఎక్కువవుతుంది. లాడ్జిలో గది, పల్లం ఊళ్ల నుంచి తరలివచ్చే వారికి కావలసి రావచ్చు. మేము లాడ్జికి ఫోను చేస్తే యజమాని, “మంచిపని చేశారండీ. అడ్వాన్సు ఎక్కడికీ పోదు, సంక్రాంతి తరువాత ఎప్పుడైనా రండి” అన్నాడు. ఆ రాత్రే టిక్కెట్లు రద్దు చేసుకున్నాం. నాలుగో వంతు పోయింది. చిన్నపిల్ల ఏడ్చింది. తమ్ముడు ముభావంగా ఉండిపోయాడు.

మరునాడు ఆగమన కాలపు మొదటి ఆదివారం. ఆరాధనలో పాస్టరుగారు తీరప్రాంతపు సంఘాల కోసం ప్రార్థించారు. ఆ రోజే అది తుఫానుగా మారింది. సోమవారం మద్రాసు నగరం నీట మునిగింది, విమానాశ్రయం మూసివేశారు. మంగళవారం మధ్యాహ్నం బాపట్లకు దగ్గరలో తీరం దాటింది. 1977 వంటి ఉప్పెన రాలేదు, దేవునికి స్తోత్రం. కాని వర్షానికి కృష్ణా, గుంటూరు, బాపట్ల ప్రాంతాల్లో కోతకొచ్చిన వరి నేలకొరిగి నీళ్లలో నానింది. అన్నయ్య ఇరుగుపొరుగు సాయంతో రెండెకరాలు కుప్ప వేయగలిగాడు. మూడో ఎకరం చేలోనే మొలకెత్తింది.

“మనం వెళ్లినా ప్రాణాలకేమీ అయ్యేది కాదు” అన్నాడు తమ్ముడు తరువాత. నిజమే కావచ్చు. కాని నిర్ణయాన్ని ఫలితంతో తూచకూడదు. శనివారం రాత్రి మంగళవారం సంగతి ఎవరికీ తెలియదు. తెలిసినంతలో పొరుగువాడికి ఏది మేలో అది చేయటమే మన వంతు.

జనవరిలో చూసిన సీమ

సంక్రాంతి వెళ్లాక, 2024 జనవరిలో, అందరం కలిసే వెళ్లాం. బందరు చూడదగిన ఊరు. ఒకప్పుడు డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు వర్తకానికి పోటీపడిన రేవు. డచ్చివారి సమాధులపై చెక్కిన రాతలు, చిహ్నాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. 1841లో వచ్చిన రాబర్టు నోబులు దొరగారు 1843లో మొదలుపెట్టిన పాఠశాలే నోబులు కళాశాల అయింది. ఆయన స్వదేశానికి తిరిగి వెళ్లకుండా 1865లో ఇక్కడే ప్రభువునందు నిద్రించారు.

అంతకు ఒక సంవత్సరం ముందు, 1864 నవంబరు 1 రాత్రి, ఈ ఊరిని సముద్రం ముంచేసింది. సుమారు 13 అడుగుల ఉప్పెన. ముప్పైవేల మంది పోయారని లెక్క. మిషను బాలికల బోర్డింగులోని పిల్లలు కూడా పలువురు ఆ నీటిలో పోయారు. ఆనాడు గాలి హోరు తప్ప వేరే హెచ్చరిక లేదు. నేడు రేవుల్లో ఎగురవేసే ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు వరకు ఉన్నాయి. ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాదానికి గుర్తులు. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. ఈ సంగతి పిల్లలకు ఎంతో ఆసక్తి కలిగించింది.

మంగినపూడి బీచిలో పిల్లలు నల్లని మట్టితో ఇళ్లు కట్టారు. పెడనలో కలంకారీ అద్దకం చూశాం. బందరు లడ్డు రెండు పెట్టెలు కొన్నాం. తరువాత అన్నయ్య బండిలో పులిగడ్డ మీదుగా దివిసీమలో ప్రవేశించాం. నాగాయలంక దాటాక మడ అడవులు కనిపిస్తాయి. వాటి వేళ్లు ఊతకర్రల్లా బురదలో దిగి ఉంటాయి. అలల ఉధృతాన్ని కొంత విరిచేవి అవే. దారిలో స్తంభాలమీద ఎత్తుగా కట్టిన తుఫాను షెల్టరు దగ్గర అన్నయ్య బండి ఆపాడు. 1977 తరువాత ప్రభుత్వమూ, సేవాసంస్థలూ తీరం పొడుగునా కట్టించిన ఇలాంటివి అనేకం. “మాకు చెట్టు దొరికింది, మీకు ఇది ఉంది” అని పిల్లలతో నవ్వుతూ అన్నాడు.

హంసలదీవి దగ్గర కృష్ణ నెమ్మదిగా, ఏ చప్పుడూ లేకుండా సముద్రంలో కలుస్తుంది. అమ్మ కుర్చీ వేయించుకొని చాలాసేపు కూర్చున్నది. చిన్నపిల్ల, “నాయనమ్మా, అప్పుడు ఇదే సముద్రమా?” అని అడిగింది. “ఇదేనమ్మా” అన్నది అమ్మ. తన అక్క పేరు చెప్పింది. ఆ పేరు పిల్లలు అంతకుముందు వినలేదు.

ప్రయాణం కట్టేవారికి

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం ప్రయాణీకులు తప్పక చదవవలసినది. చలికాలం దగ్గరపడింది, ఇక్కడే ఆగుదామని పౌలు చెప్పాడు. శతాధిపతి నావికుని మాట, ఓడ యజమాని మాట నమ్మాడు. దక్షిణపుగాలి మెల్లగా వీచేసరికి తమ ఆలోచన నెగ్గిందనుకున్నారు. ఆ తరువాతే ఊరకులోను విసిరింది. దేవుడు 276 మందినీ కాపాడాడు. అయితే ఆ కాపుదల వలన పౌలు మొదట చెప్పిన హెచ్చరిక అనవసరమైపోలేదు. రెండూ దేవుని కృపే.

కనుక అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తీరానికి ప్రయాణం కట్టేవారు, టిక్కెట్టు కొన్న రోజే రెండో తేదీ ఒకటి అనుకొని ఉంచుకోండి. ఇరుగుపొరుగు పుకార్లు కాక వాతావరణ శాఖ ప్రకటన వినండి. డబ్బు మొత్తం తిరిగి వస్తుందేమోనని చివరి గంటదాకా కాచుకోవద్దు. అక్కడి బంధువులను “రమ్మంటారా?” అని అడగవద్దు. మర్యాదకు రమ్మనే అంటారు. “మీకు ఇప్పుడు చేతినిండా పని ఏమిటి?” అని అడగండి. జవాబు దానిలోనే దొరుకుతుంది.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెళ్లండి. అప్పటికి ధాన్యం ఇంటికి చేరి ఉంటుంది, చుట్టాలకు తీరిక ఉంటుంది, సముద్రం శాంతంగా ఉంటుంది. వెళ్లినప్పుడు ఆ తీరపు సంఘాల్లో ఒక ఆదివారం ఆరాధించి రండి. ఏటేటా హెచ్చరిక విని లేచి, మళ్లీ తిరిగివచ్చి నాట్లు వేసుకునే ఆ ప్రజలను మీ కుటుంబ ప్రార్థనలో మరువకండి.