సందక్‌ఫూ బండ్లకు సుత్తి వైద్యం

డార్జిలింగ్ పట్టణం నుండి పడమరగా కొండదారిన సుమారు పాతిక కిలోమీటర్లు సాగితే మానేభంజ్యాంగ్ అనే చిన్న ఊరు వస్తుంది. నేపాలీ భాషలో భంజ్యాంగ్ అంటే కనుమ. భారత్, నేపాల్ దేశాల సరిహద్దు ఈ ఊరిమధ్య నుండే పోతుంది. ఇక్కడ మొదలైన దారి సింగాలీలా కొండల వెన్నుమీదుగా 31 కిలోమీటర్లు ఎగబాకి సందక్‌ఫూ చేరుతుంది. పశ్చిమ బెంగాల్‌లో అంతకన్న ఎత్తైన చోటు లేదు. సముద్రమట్టానికి 3,636 మీటర్లు. మబ్బులు లేని ఉదయాన అక్కడ నిలుచున్నవారికి ఎవరెస్టు, కాంచనజంగ, లోత్సే, మకాలు, అనగా ప్రపంచంలోని అయిదు అత్యున్నత శిఖరాలలో నాలుగు, ఒకే వరుసలో దర్శనమిస్తాయి.

ఆ దర్శనానికి నడవలేనివారిని దశాబ్దాలుగా మోసుకుపోతున్నవి పాతకాలపు ల్యాండ్ రోవర్లు. దొరల తేయాకు తోటలలో తిరిగి, చేతులు మారి, చివరకు ఈ కనుమకు చేరిన బండ్లవి. వీటిలో అనేకం 1950 దశకానికి చెందినవి. కొన్నింటిలో అసలు ఇంజను ఎన్నడో పోయి స్వదేశీ డీజిల్ ఇంజను వచ్చింది. ఒంటిమీది రేకు మాత్రం అదే. యాత్రికుడు కొండలను చూస్తాడే కాని ఆ రేకును చూడడు. నిజానికి ఈ ఊరి చరిత్ర సగం దానిమీద సుత్తిగుర్తులలోనే ఉంది.

ఆ రేకు అల్యూమినియం కావడానికి కారణం ఒక కరువు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో ల్యాండ్ రోవర్ తొలిసారి లోకం కంటబడేనాటికి బ్రిటన్‌లో ఉక్కుకు రేషను. యుద్ధం ముగిసి విమానాల తయారీ తగ్గినందున అల్యూమినియం మాత్రం దొరికేది. రోవర్ కంపెనీ చట్రాన్ని ఉక్కుతో కట్టి, పై తొడుగును బర్మాబ్రైట్ అనే మిశ్రమలోహంతో చేసింది. అందులో అల్యూమినియానికి కాస్త మెగ్నీషియం తోడవుతుంది. విధిలేక ఎన్నుకున్న ఆ లోహమే బండికి దీర్ఘాయువు పోసింది. హిమాలయపు తడిమంచులో ఉక్కురేకు తుప్పుపట్టి రాలిపోయే కాలానికి ఇది చెక్కుచెదరలేదు. అయితే మెత్తని ఒంటికి దెబ్బలు ఎక్కువ.

దెబ్బ తరచు వెనుక మూలకే తగులుతుంది. నిటారైన వంపులో బండి ఒక్క తిప్పుకు తిరగదు. కొంత ముందుకు, కొంత వెనుకకు జరిపి తిప్పాలి. ఒకవైపు లోయ, మరొకవైపు కొండ. వెనుకకు జరిపేటప్పుడు డ్రైవరు లోయకన్న కొండనే నమ్ముకుంటాడు. పొగమంచులో ఆ కొండరాయి తోకదీపం పక్క రేకును లోపలికి నొక్కేస్తుంది. ప్రాణం దక్కింది, రేకు పోయింది అనుకుంటే ఆ బేరం చౌకే.

సొట్ట చూడగానే సుత్తి ఎత్తేవాడు మంచి పనివాడు కాడు. ముందు తోకదీపం ఊడదీసి, లోపలి బురద కడిగి, దెబ్బ చట్రందాకా పోయిందా అని చూడాలి. ఉక్కు, అల్యూమినియం ఆనుకుని తడిసేచోట అల్యూమినియం తెల్లని పొడిగా తినివేయబడుతుంది. అటువంటిచోట సుత్తి తగిలితే రేకు బిస్కట్టులా విరుగుతుంది.

పిమ్మట సొట్టను వచ్చిన దారినే వెనక్కు పంపాలి. రాయి మొదట తాకిన నడిమి గుంటను చివరకు ఉంచి, అంచులలో లేచిన మడతలను ముందుగా అణచాలి. ఒకచేత ఇనుపదిమ్మె, మరొకచేత కొయ్యసుత్తి. దిమ్మెకు, సుత్తికి నడుమ రేకు నలిగితే అది సాగుతుంది. కాబట్టి దిమ్మెను గుంటకింద ఆనించి, సుత్తిని పక్కనున్న మిట్టమీద వేయాలి. ఆత్రగాడు నడిమధ్యన నాలుగు దెబ్బలు వేస్తాడు. సొట్ట బయటికి వస్తుంది, సాగిన రేకుకు మాత్రం తన చోటు చాలదు. అటుపై వేలితో నొక్కితే డబ్బామూతలా టప్పున లోపలికి, వదిలితే బయటికి వస్తూ బండి ఉన్నన్నాళ్లూ వెక్కిరిస్తుంది.

అసలు చిక్కు మరొకటి. అల్యూమినియం ప్రతి దెబ్బకూ కొంత గట్టిపడుతుంది. ఇదే మూలన నాలుగైదుసార్లు సొట్టలు తీసినచోట, మరికొన్ని దెబ్బలకు పగులు వస్తుంది. దానిని తిరిగి మెత్తబరచడానికి వేడి ఒక్కటే మార్గం. బిందె కొట్టే కంచరికి ఈ సంగతి తరతరాలుగా తెలుసు. కాని ఇత్తడి కాగితే ఎర్రబారి హెచ్చరిస్తుంది. అల్యూమినియం ఏ రంగూ చూపదు. 600 డిగ్రీలు దాటేదాకా వెండిలా మెరుస్తూనే ఉండి, ఉన్నట్టుండి కరిగి జారిపోతుంది. డెబ్బయ్యేళ్లు నిలిచిన రేకులో రెప్పపాటున బొక్క పడుతుంది.

అందుకు అల్యూమినియం పనివారి పాత ఉపాయం బట్టలసబ్బు. రేకుమీద సబ్బుబిళ్లతో గీతలు గీసి, గ్యాసుమంటను వెనుకనుండి ఒకచోట నిలపకుండా ఆడిస్తారు. సబ్బు గోధుమవర్ణానికి మారి నల్లబడగానే మంట తీసివేయాలి. లోహం మెత్తబడే 350, 400 డిగ్రీల వేడి అప్పటికి అందినట్టే. ఉష్ణమాపకం లేనిచోట అణా ఖర్చుకాని ఈ సాధనాన్ని మించినది లేదు. చల్లారిన తరువాత రేకు కొయ్యసుత్తికి లొంగుతుంది. తొందరగా చల్లార్చాలని నీళ్లు చల్లినా ఈ మిశ్రమం మళ్లీ గట్టిపడదు.

చిరిగిన రేకును కోసి, చౌకగా దొరికే ఉక్కు అతుకు రివెట్లతో బిగిస్తే పని ఒక్కపూటలో తేలిపోతుంది. కాని తడి తగిలిన అతుకుచుట్టూ ఆ తెల్లపొడి మళ్లీ మొదలవుతుంది. అతుకు నిలుస్తుంది, బండి కరుగుతుంది. అల్యూమినియం ముక్కకు వెదకవలసిందే. చివరి గుంతలకు ఆకురాయి, ఆపైన పలుచని పుట్టీ. మందంగా పూసిన పుట్టీ రాళ్లదారి అదురుకు నెలలోనే పెచ్చులూడుతుంది. అల్యూమినియంమీద మామూలు రంగు పట్టదు కనుక, లోహాన్ని కొరికి పట్టుకునే ప్రత్యేక ప్రైమరు అడుగున పడాలి.

కాలం కూడా కలిసిరాదు. సింగాలీలా జాతీయోద్యానం జూన్ మధ్యనుండి సెప్టెంబరు మధ్యవరకు యాత్రికులకు మూసివుంటుంది. బండ్లకు తీరిక ఆ మూడునెలలే. వానలు పడేదీ ఆ మూడునెలలే. గాలిలో తేమ ఉంటే రంగు పాలిపోయి మసకబారుతుంది. ఎండకాసే పూటకోసం పొయ్యిపక్కన కూర్చుని ఎదురుచూడటం ఈ వైద్యంలో భాగం.

ఇటీవలి సంవత్సరాలలో దారిలో చాలాభాగం కాంక్రీటు పడింది. కొత్తతరం బండ్లు మెత్తని సీట్లతో సందక్‌ఫూ ఎక్కుతున్నాయి. ల్యాండ్ రోవర్లు కొన్ని పదులకు తగ్గాయి. ఒకటి మూలపడితే దాని తలుపో, తోకరేకో మరొకదానికి చేరుతుంది. అందువల్ల ఒకే బండిమీద రెండుమూడు బండ్ల రంగులు కనిపించడం అక్కడ వింత కాదు. సెప్టెంబరు మధ్యలో ద్వారాలు తెరుచుకునేనాటికి అవి కనుమలో వరుసకట్టి నిలబడతాయి. ఏటవాలుగా ఎండపడినప్పుడు వెనుకమూల రేకుమీద సన్నని అలలు కనిపిస్తాయి.